బాకా దీపం

ఫ్యాన్ల కంపెనీలో మోటార్లకు రాగితీగ చుట్టే పనిలో ఇరవై తొమ్మిదేళ్ళు గడిపిందావిడ. రిటైరైన మర్నాడే చేతులు ఊరుకోక సోఫా దిండ్ల కుచ్చులన్నీ విప్పి మళ్ళీ చుట్టింది. మూడో రోజున పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి మూతలేని టీ కెటిల్ ఒకటి తెచ్చి, దాని ముక్కులోంచి తీగ లాగి, నెత్తిన బల్బు బిగించి దీపం చేసింది. అది వెలిగిన రోజు నుంచి ఇంట్లో వస్తువులకు మనశ్శాంతి లేకుండా పోయింది.

కాఫీ గింజల మర దీపమైంది. ఒంటి స్కేటు బూటు దీపమైంది. మూడు డిక్షనరీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దీపమయ్యాయి. వీధిలో అందరూ ఆవిడను దీపాలావిడ అనడం మొదలుపెట్టారు. వాళ్ళాయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. ఆదివారం మధ్యాహ్నం హాల్లో కునుకు తీయడం మానేసి, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని పడుకునేవాడు.

"కదలకుండా ఉన్నదానికల్లా కన్నం పెడతావు. నా జాగ్రత్తలో నేనుండాలిగా," అనేవాడు.

"మీ బుర్రకా? తీగ దూర్చాలంటే లోపల ఖాళీ ఉండాలి కదండీ. అది దండిగానే ఉంది, కాదనను. హోల్డరు ఎక్కడ బిగించాలో తేలట్లేదు," అనేది ఆవిడ.

ఎనభై దాటిన మామగారు మాత్రం ఏమీ అనేవారు కాదు. ఆయనకు చెవుడు. తలుపు గంట, ఫోను, కోడలి కేక, ఏదీ ఆయన దాకా చేరేది కాదు. కొనిపెట్టిన చెవి మిషను ఒక్కరోజు వాడి, "ఇది పెట్టుకుంటే లోకమంతా గిన్నెలు తోముతున్నట్టుంది," అని సొరుగులో పడేశారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిని చూస్తూ ఉండేవారు. ఎవరు పలకరించినా, "ఆ, తిన్నాను," అనేవారు. పదింట ఎనిమిది సార్లు అది సరిగ్గానే సరిపోయేది.

ఒకరోజు కొట్టులో పిల్లల తోపుడు బళ్ళ వెనకాల దీపాలావిడకు పెద్ద బాకా కనిపించింది. బ్యాండుమేళంలో వెనక వరసవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వాయించే రకం. ఇత్తడంతా నల్లబడింది గానీ మూడు మీటలూ నూనె పట్టి నున్నగా కదులుతున్నాయి. ఊదే మూతి మాత్రం లేదు.

"ఇదెక్కడిది?" అని అడిగింది.

"ఎవరో ముసలావిడ తోపుడు బండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి మరీ తీసుకొచ్చిందమ్మా," అన్నాడు కొట్టాయన. "పాపం మనవడేమో అనుకుని నేను దుప్పటి తీసి చూశాను. జడుసుకున్నాననుకోండి. ఊరికే ఇచ్చేసి, ఎవరు కొన్నారో నాకు చెప్పొద్దని వెళ్ళిపోయింది."

నిమ్మచెక్కలతో, ఉప్పుతో రెండు రోజులు తోమేసరికి బాకా పచ్చగా మెరిసింది. కింది వంపు దగ్గర పెన్సిలు పట్టేంత కన్నం పెట్టి, తీగను గొట్టంలోంచి పైదాకా లాగి, వెడల్పాటి నోట్లో బల్బు బిగించింది. సాయంత్రం స్విచ్చి వేయగానే ఇత్తడి వెలుగు హాలంతా పరుచుకుంది. ఎప్పుడూ వంకలు పెట్టే వాళ్ళాయన కూడా కుర్చీ దాని దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. దాన్ని వీధివైపు కిటికీలో పెట్టారు.

నాలుగో రోజున తలుపు గంట మోగింది. గుమ్మంలో కోటు గుండీలన్నీ పెట్టుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. పొట్టివాడు. బుగ్గలు మాత్రం రెండు గుప్పిళ్ళంత ఉన్నాయి.

"అమ్మా, మీ కిటికీలో ఉన్నది నా బాకా," అన్నాడు.

"ఎవరి బాకా వాళ్ళే ఊదుకోవాలి గానీ, మా బాకా మీదంటారేమిటండీ?" అన్నాడు వాళ్ళాయన లోపలినుంచి.

పెద్దాయన జేబులోంచి జేబురుమాలు తీసి, మడతలు విప్పి, అందులోంచి గిన్నెలాంటి చిన్న ఇత్తడి మూతి తీశాడు. కిటికీ దగ్గరకు వెళ్ళి బాకాకు పెట్టాడు. తాళంలో చెవి దిగినట్టు దిగింది. ఇక వాదించడానికేమీ మిగల్లేదు.

"మిల్లు బ్యాండులో ముప్ఫై ఎనిమిదేళ్ళు దీన్నే వాయించాను. పోయిన వారం నేను పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చేసరికి ఇంట్లో దొంగలు పడ్డారంది మా ఆవిడ. చిత్రమైన దొంగలమ్మా. బల్లమీద వెండి గ్లాసులు అలాగే ఉన్నాయి." అంటూ కిందికి వంగి చూశాడాయన. తీగ కనిపించింది. బుగ్గలు జారిపోయాయి. "దీనికి... కన్నం పెట్టారా?"

"చిన్నదేనండీ," అంది దీపాలావిడ. దుప్పటి కప్పిన తోపుడు బండి గుర్తొచ్చి, నాలిక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. "కన్నం పూడ్చి, ఎప్పటిలా చేసి మీది మీకిచ్చేస్తాను. రెండు రోజులు ఓపిక పట్టండి."

పెద్దాయన బాకాను ఒకసారి నిమిరి, ఆసుపత్రిలో మనిషిని వదిలి వెళ్తున్నట్టు వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున, వాళ్ళాయన ఆఫీసుకు తయారవుతుండగా, సన్నగా చురుగ్గా ఉన్న ముసలావిడ వచ్చింది. లోపలికొచ్చి, తలుపు తనే వేసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయీ, ఆ బాకాకి కన్నం పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ. క్షమించండి పిన్నిగారూ, నాకు తెలీక..."

"క్షమించడమేమిటి! ఆ చేతులిలా తే, కళ్ళకద్దుకుంటాను." నిజంగానే అద్దుకుంది. "పూడుస్తానన్నావట. నీకు పుణ్యముంటుంది, పూడ్చకు. కావాలంటే ఇంకో నాలుగు పెట్టు."

"అంత కష్టంగా ఉందా పిన్నిగారూ?"

ముసలావిడ కుర్చీలో కూలబడింది. "మిల్లు మూసేశాక బ్యాండు పోయింది. వేణువు వాయించేవాడు పోయాడు, డప్పులాయన కూతురి దగ్గరికెళ్ళిపోయాడు. ఈయన మిగిలాడు. పెద్ద బాకాకి పాట ఉండదమ్మాయీ. బుం, బుం, బుం, అంతే. పాట మిగతావాళ్ళు వాయించాలి. ఆ మిగతావాళ్ళు లేరు. పదకొండేళ్ళుగా రోజుకి రెండు గంటలు నేను వింటున్నది ఆ బుంబుమ్మే. పాలు విరిగిపోతున్నాయంటే నమ్ము. దొంగలని అబద్ధమాడి పాపం మూటగట్టుకున్నాను, సరే. నువ్వు మాత్రం దాన్ని ఇంటికి పంపకు." కళ్ళు తుడుచుకుని, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అన్నాడు వాళ్ళాయన బూట్లు తొడుక్కుంటూ. "బాగవ్వలేదని చెప్పెయ్. పీడా పోతుంది."

"పెన్సిలంత కన్నం పూడ్చడం చేతకాదని చెప్పనా? ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసిన చేతులండీ ఇవి!"

"అయితే పూడ్చి ఇచ్చెయ్."

"ఆవిడ చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళాక ఎలా ఇవ్వను?"

అటూ తేలక, ఇటూ తేలక, ఆవిడ వాయిదాలు మొదలుపెట్టింది. అతుకు ఆరలేదంది. ఇత్తడి ముక్క దొరకలేదంది. గాలిలో తేమ ఉందంది. పెద్దాయన దేనికీ విసుక్కోలేదు. రోజూ సరిగ్గా నాలుగింటికి వచ్చి, బాకా పక్క స్టూలు మీద కూర్చుని, టీ తాగి, "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఎదురుగా మామగారు, "ఆ, తిన్నాను," అనేవారు. అలా ఇద్దరూ గంటసేపు కూర్చునేవారు.

ఆరో రోజుకు ఆవిడ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. మధ్యాహ్నమే బల్బు విప్పి తీగ లాగేసింది. అతుకు వేయడానికి మనసొప్పక, సైకిలు ట్యూబు ముక్కను కన్నం మీద పెట్టి గట్టిగా చుట్టింది. చుట్టడంలో ఆవిడకు తిరుగులేదు. దాన్ని తట్టి చూసుకుని, తను ఎవరి పక్షమో తేల్చుకోలేక అలాగే కూర్చుండిపోయింది.

నాలుగింటికి పెద్దాయన వచ్చి చూశాడు. మూతి బిగించి, బాకాను ఒళ్ళోకి తీసుకుని, బుగ్గలు నింపాడు.

"బుం...!"

కిటికీ అద్దాలు గడగడలాడాయి. అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఆరోజు ఆఫీసునుంచి ముందే వచ్చి గదిలో నిద్రపోతున్న వాళ్ళాయన, "ఏం పేలింది? ఏం పేలింది?" అంటూ బనీనుతో బయటకు పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు మామగారు తల తిప్పారు.

"ఎవరది?" అన్నారు.

కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదేళ్ళుగా తలుపు గంట వినని మనిషి. సన్నటి శబ్దాలు పోయినా, అంత లావు శబ్దానికి ఆయన చెవుల్లో ఇంకా దారి ఉన్నట్టుంది. ఆయన కుర్చీ చేతిని పట్టుకుని ముందుకు వంగారు.

"ఏదీ, మళ్ళీ!"

పెద్దాయన మళ్ళీ ఊదాడు. బుం, బుం, బుంబుం, బుం. మామగారి వేళ్ళు మోకాలి మీద ఆడాయి. "ఇది మిల్లు బ్యాండు కవాతు పాట కదూ! జీతాల రోజున గేటు దగ్గర వాయించేవాళ్ళు. మిల్లు గోదాములో పనిచేసే మేమంతా సరుకు లిఫ్టు ఆపేసి మెట్ల మీద నిలబడి వినేవాళ్ళం." చెప్పి, ఎవరూ అడక్కుండానే ఆ పాట ఎత్తుకున్నారు. గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా ఉంది. శ్రుతి ఏ మూలకో పోయింది. కానీ వరస తప్పలేదు. కింద బాకా, పైన ఆయన గొంతు. అరిగిపోయిన రెండు ముక్కలు కలిసి ఒక పాటయ్యాయి.

రెండో చరణంలో ఉండగా తలుపు తోసుకుని ముసలావిడ లోపలికొచ్చింది. వీధి మలుపుదాకా వినపడిందట. మొహం ఎర్రగా ఉంది.

"పూడ్చేశావా అమ్మాయీ! నేనంత చెప్పినా..." అనేసి, మొగుడు వింటున్నాడని గుర్తొచ్చి ఠక్కున ఆగిపోయింది.

పెద్దాయన బాకా దించాడు. "ఏం చెప్పావు?"

ముసలావిడ నేల చూపులు చూసింది.

"వెండి గ్లాసులు వదిలేసి బాకా ఎత్తుకెళ్ళే దొంగ ఈ లోకంలో ఒక్కతే ఉందని మొదటి రోజే తెలుసులే," అన్నాడాయన. "నీ నోటితో నువ్వే ఒప్పుకుంటావని చూశాను."

"అయితే అన్నం తింటూ రోజూ ఆ దొంగల్ని తిట్టిన తిట్లన్నీ..."

"నీకే. పేరు పెట్టలేదంతే."

"వాళ్ళ చేతులు పడిపోనన్నారు! వాళ్ళ కొంపకి చెదలు పట్టాలన్నారు!"

"మన కొంపేగా, తర్వాత గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను."

మొదట నవ్వింది దీపాలావిడ. ఆపుకుందామనుకుంది గానీ కాలేదు. ముసలావిడ కోపంగా ఆవిడవైపు చూసి, తనూ నవ్వేసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటూ, "నాకు చెప్పొచ్చుగా, నీకు కష్టంగా ఉందని?" అన్న మొగుడి మాటకు, "పదకొండేళ్ళ నుంచి చెబుతూనే ఉన్నాను. మీరు వాయిస్తూంటే వినపడిందా?" అంది. పెద్దాయన తల వంచుకుని మీటలు నొక్కుతూ కూర్చున్నాడు.

"ఆపేశారేం?" అని కసిరారు మామగారు. ఇంతసేపూ ఆయనకు ఒక్క మాటా వినపడలేదు.

దారి చూపింది దీపాలావిడే. బాకా ఇక్కడే ఉంటుంది. నాలుగు నుంచి అయిదు దాకా పెద్దాయనది. ఆ తర్వాత తీగ దూర్చి బల్బు పెట్టుకుంటే తనది. పిన్నిగారికి ఇంట్లో హాయిగా ప్రశాంతత.

"మరి నాకు?" అన్నాడు వాళ్ళాయన.

"మీకు ఆఫీసుంది కదండీ. అయిదు దాటాకే రండి."

మర్నాడు నాలుగింటికి ముసలావిడ తన ఇంట్లో ఒంటరిగా టీ పెట్టుకుంది. ఆ మర్నాడూ పెట్టుకుంది. మూడో రోజు, గొడుగు మర్చిపోయారని మొగుడి వెనకాలే వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పదంటే పదే నిమిషాలని చెప్పి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. పాట అయిపోయింది, మళ్ళీ మొదలైంది. మామగారు రెండో చరణంలో ఒక మాట మింగేస్తుంటే ఆవిడ చటుక్కున అందించింది. ఆయనకు వినపడలేదు. ఆవిడ స్టూలు జరుపుకుని, ఆయన చెవి దగ్గరకు వచ్చి, ఇంకాస్త గట్టిగా పాడింది.

అయిదయ్యాక దీపాలావిడ తీగ తీసుకొచ్చేసరికి ముసలావిడ ఖాళీ కప్పులన్నీ సర్దుతోంది.

"పాటతో కలిపి వింటే అంత చెడ్డగా ఏం లేదు," అంది మొగుడికి వినపడకుండా. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు తొడుక్కుని, ఆగింది. "రేపు కూడా నాలుగింటికేనా అమ్మాయీ?"