పొట్టి కాళ్ల కాపలా

నేను ఒక కెపాసిటర్‌ను. కందిబద్దంత ఒళ్లు, సన్నని రెండు తీగ కాళ్లు. కార్ఖానాలో పుట్టగానే వేయిమందిమి ఒకే కాగితపు పట్టీ మీద వరసగా నిలబడ్డాం. అదే మా ఊరనుకున్నాను. సిరిసిల్లలో సర్వర్ అనే మెకానిక్ రేడియో దుకాణానికి చేరేసరికి పట్టీ మీద ఐదుగురం మిగిలాం. తక్కినవాళ్లు ఏ ఇంట ఉన్నారో ఇప్పటికీ తెలియదు.

సర్వర్ మంచివాడు, పొదుపరి. నన్ను ఒక రేడియోలో పెట్టాడు, తీశాడు. టీవీలో పెట్టాడు, తీశాడు. నా కాళ్లు మాత్రం కత్తిరించేవాడు కాదు. "పొడుగుంటె ఇంకోతాన పనికొస్తది" అనేవాడు. మనుషులు ఏ వస్తువునైనా ఇంకో చోటి కోసం దాచుకుంటారు. తీసిన ప్రతిసారీ నేను అతని నశ్యం డబ్బాలో పడి, విడిచి వచ్చిన ఇంటి గొంతులను తలుచుకునేదాన్ని.

ఒకరోజు భూమయ్య ఆక్సిజన్ మిషన్ మోసుకొచ్చాడు. అతని భార్య లచ్చవ్వ ఊపిరికి అదే ఆధారం. ముందు గదిలో సాంచ, అదే మరమగ్గం, వేస్తే చాలు, లోపల మిషన్ ఆగిపోతోందట.

"సాంచ బంద్ వెట్టి పది దినాలాయె సర్వరూ. అది నడువకుంటె మా బతుకెట్ల? నడిస్తె లచ్చవ్వ బతుకెట్ల?"

ఆ మిషన్‌లో కరెంటును అదుపు చేసే చిప్పు ఒకటుంది. దాని కాళ్లలో ఒకటి చెవి లాంటిది. కరెంటు ఎక్కువైందా, తక్కువైందా అని వింటుంది. సాంచ మోటారు తీగల్లో పుట్టించే దడ ఆ చెవిలో పడితే, ప్రమాదమేదో వచ్చిందనుకుని చిప్పు అన్నీ ఆపేస్తుంది. ఆ దడను చెవి దాకా రానీయకుండా మింగడమే నా పని.

సర్వర్ నన్ను అక్కడ టంకం పెట్టాడు, అలవాటు ప్రకారం పొడుగు కాళ్లతోనే. భూమయ్య ఇంట్లో మిషన్ బిగించి, సాంచ వేయించాడు. రెండు నిమిషాలకే మిషన్ ఆగింది. లచ్చవ్వ ముక్కు గొట్టం పట్టుకుని గోడకు ఒరిగింది. భూమయ్య ఉరికి సాంచ ఆపాడు. నేను దడను మింగలేదు సరికదా, నా పొడుగు కాళ్లతో ఇంకాస్త పోగుచేసి ఆ చెవిలో పోశాను. అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

సర్వర్ మూత విప్పి, చెవికీ నాకూ మధ్య దూరాన్ని వేలితో కొలిచాడు.

"కాళ్లు కొయ్యాలె అవ్వా. చెవికి ఆనుకొని కూసుంటెనే పని జేస్తది. కోస్తె మల్ల యాడికీ పనికి రాదు."

లచ్చవ్వ ఆయాసపడుతూనే నవ్వింది. "యాడికి పోవాలె బిడ్డా అది? యాభై ఏండ్లసంది ఈ ముసలోని పక్కకెల్లి నేను కదిలిన్నా? కొయ్యి."

కత్తెర పడింది. నా కాళ్లు జొన్నగింజంత మిగిలాయి. ఈసారి చెవిని తాకేంత దగ్గరగా కూర్చోబెట్టాడు.

సాంచ మొదలైంది. దడ వచ్చింది. మింగాను. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగాను. మిషన్ ఆగలేదు.

"ఈ సప్పుడు లేక పది దినాలసంది కన్ను మూతవడలే" అని లచ్చవ్వ అక్కడే ఒరిగింది. కాసేపటికి భూమయ్య భయంభయంగా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాడు.

"సావలేదు తియ్యి. పొయ్యి నీ సాంచ సూస్కో."

ఈ మిషన్ అక్కరలేని రోజు ఒకటి వస్తుందని నాకు తెలుసు. అప్పుడు దీన్ని పాతసామాన్లలో వేస్తారు. నా పొట్టి కాళ్లు చూసి నన్నెవరూ ఊడదీయరు. ఎటు పోయినా ఆ చెవి పక్కనే పోతాను.

ఇప్పటికైతే సాంచ నడుస్తోంది. ఆమె నిద్రపోతోంది.