నడుమ లేని ముఖం

కాపురానికి వచ్చేనాటికి ఆవిడ చేతిలో ఉన్న సరుకు రెండే: మసక వెలుగులోనూ సూదిలోకి దారం ఎక్కించే చూపు, ఎంత పనికైనా వంగే వేళ్ళు. భర్తది మందుల కొట్టు. ఏ సీసా ఏ అరలో ఉందో, ఏ బిళ్ళలకు ఎప్పుడు గడువు తీరుతుందో నోటికే చెప్పేది కనక ఆవిడను అందరూ లెక్కలమ్మ అనేవారు. బోర్డు మీద పేరు మాత్రం ఆయనదే.

వేళ్ళు మొరాయించింది పదకొండేళ్ళ కిందట. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. కీళ్ళ డాక్టరమ్మ రోజుకొక్క బిళ్ళ రాసి, ఈ మందు కళ్ళకు చేటు చేయొచ్చు కనక ఏడాదికోసారి కంటి పరీక్ష మానొద్దని చెప్పింది. ఆ బిళ్ళ చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"ఇది మలేరియా మాత్ర కదే! కీళ్ళనొప్పులకి దోమల జ్వరం మందా? రేపు పంటినొప్పికి ఎలకల మందు రాస్తారు కాబోలు!"

ఎవరేమన్నా మందు పనిచేసింది. మూడు నెలలకు వేళ్ళు మాట విన్నాయి. ఒకసారి సరుకు దిగిన వారం మళ్ళీ సలిపితే, ఆయన అట్టలోంచి ఇంకో బిళ్ళ నొక్కి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"రెండేసుకో. మన కొట్లోదేగా! నువ్వు మూలనపడితే ఇక్కడ ఒక్క డబ్బా కదలదు."

ఆ మాటలో ప్రేమెంతో, పనెంతో ఆవిడ అప్పుడు తూచలేదు. అప్పట్నుంచీ రెండే. కంటి పరీక్ష ఊసెత్తితే, "వచ్చే నెల చూద్దాంలే" అనేవాడు. ఎన్ని నెలలు వచ్చాయో గాని ఆ వచ్చే నెల రాలేదు.

చూపులో తేడా ఉందేమో ఇంట్లో చూసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన గళ్ళ కాగితం వంటింటి తలుపుకు అంటించుకుంది. మధ్యలో నల్ల చుక్క. ఒక్కో కన్ను చేత్తో మూసుకుని చూడాలి. పొయ్యి మీద పాలు, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మూత. కన్ను మూయడానికి మూడో చెయ్యేదీ? రెండు కళ్ళతో ఒక చూపు విసిరి సరిగ్గానే ఉందనుకునేది. ఒక కంటి లోటును రెండో కన్ను ఏళ్ళ తరబడి కప్పిపుచ్చింది. ఆ ఇంట్లో కిక్కురుమనకుండా బరువు మోయడం కళ్ళకూ అలవాటైంది.

ఒక పొద్దున చుక్క లేదు. కాగితం మార్చారేమో అనుకుని వెనక్కి తిరిగింది. గుమ్మంలో భర్త. చెవులున్నాయి, జుట్టుంది, గడ్డం కింద చొక్కా గుండీ ఉంది. నడుమ బూడిదరంగు మచ్చ.

"టీ ఏదీ?" అంది మచ్చ.

పక్కకు చూస్తే ముఖం వచ్చేది. సూటిగా చూస్తే మాయమయ్యేది. కొట్లో ముఖాల్లేని చెవులు బారులు తీరి "లెక్కలమ్మా, లెక్కలమ్మా" అంటుంటే లోపలికెళ్ళి అద్దంలో చూసుకుంది. అక్కడ తనూ లేదు. అదొక్కటే కొత్తగా అనిపించలేదు.

ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"రోజుకెన్ని వేసుకుంటున్నారు?"

"రెండండీ."

"మీ బరువుకి ఒకటే! రెండు ఎవరు రాశారు?"

"మా ఆయన."

డాక్టరు కీళ్ళ డాక్టరమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పి, ఆవిడవైపు తిరిగాడు. "పోయిన చూపు రాదమ్మా. ఇవాళే ఆపేస్తే మిగిలింది చాలావరకు నిలవొచ్చు. కీళ్ళకు డాక్టరమ్మ వేరే మందు రాస్తారు. అది పట్టేదాకా నొప్పులు తప్పవు."

సాయంత్రం భర్త ఎగిరిపడ్డాడు. "ఆపేస్తే ఎట్లా? రేపు సరుకొస్తోంది. వేళ్ళు బిగుసుకుంటే ఎవరు సర్దుతారు?" అంటూ రెండు బిళ్ళలు అరచేతిలో పెట్టాడు.

ఆవిడ సూటిగా ఆయన ముఖంలోకి చూసింది. అక్కడెవరూ లేరు. లేనివాళ్ళకు భయపడేదేముంది?

"ఇన్నాళ్ళూ రోజుకొకటి నాకు వేసుకున్నాను, ఇంకొకటి మీ కొట్టుకి," అంది, బిళ్ళలు తిరిగి ఆయన చేతిలో పెడుతూ. "నాది డాక్టరు మార్చారు. మీ కొట్టుది మీరే వేసుకోండి."

కొన్నాళ్ళకు నొప్పి రానే వచ్చింది. ఆ పొద్దున షట్టర్ ఎత్తలేదు. మంచం మీద కూర్చుని వేళ్ళు చూసుకుంది. నడుమ వేలు కనిపించలేదు, నొప్పి మాత్రం అయిదింటిలోనూ ఉంది. కింద కొట్టు ముందు సరుకు లారీ హారన్ కొట్టింది, మచ్చ పేరుపెట్టి పిలిచింది. ఆవిడ కదల్లేదు. పదకొండేళ్ళలో చూపు ఇచ్చింది, వేళ్ళు ఇచ్చింది. ఎవరి పనికీ ఇవ్వకుండా తనకోసం అట్టిపెట్టుకున్నది ఈ నొప్పి ఒక్కటే.