వంగిన వాచీ కొమ్ము

అతను కట్టుడు పళ్ళు చేసేవాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరెవరి నోళ్ళకో సరిపోయేలా పళ్ళు అరగదీసిన చెయ్యి అతనిది.

అన్నయ్య గుండె ఆగి పోయిన నెలకి, వదిన ఒక వాచీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మీ అన్నయ్యది. నువ్వే పెట్టుకో," అంది.

ఇత్తడి మీద తెల్లపూత పూసిన పాత వాచీ. పట్టీని పట్టుకునే నాలుగు కొమ్ముల్లో ఒకటి లోపలికి వంగి, పక్క అంచు నొక్కుకుపోయి ఉంది. పెట్టుకున్న మొదటిరోజే ఆ కొమ్ము మణికట్టును గీరింది. సాయంత్రానికి ఎర్రటి గీత తేలింది. మర్నాడూ అంతే, సరిగ్గా అదే చోట.

"షాపులో ఇస్తే ఒక్క పూటలో సరిచేస్తారుగా," అంది భార్య.

"ఇంట్లో ఇంత సామాను పెట్టుకుని షాపుకెందుకు?" అన్నాడు.

అసలు సంగతి అది కాదు. ఇదెలా వంగిందని షాపువాడు అడుగుతాడేమోనని భయం. వంచింది తనే. రెండేళ్ళ కిందట, నాన్నకు ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న దగ్గర అన్నయ్య ఇంట్లో మాటా మాటా పెరిగి అతన్ని తోసేశాడు. అన్నయ్య వాచీ చెయ్యి తలుపు చట్రానికి కొట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఆదివారం మధ్యాహ్నం భార్య బయటికెళ్ళగానే వాచీ విప్పాడు. లోపలి యంత్రాన్ని తీసి ఒక గిన్నె బోర్లించి భద్రం చేశాడు. ఖాళీ కేసును చెక్కదిమ్మె మీద బిగించి, పళ్ళ పనికి వాడే సన్నటి మంటతో కొమ్మును వేడిచేశాడు. చల్లారాక కొంచెం కొంచెంగా బయటికి వంచి, అంచు అరగదీయడానికి ఆకురాయి అందుకున్నాడు. పూత లేచిపోయి పచ్చటి ఇత్తడి బయటపడింది.

పదిసార్లు రాశాడో లేదో, వినిపించింది. తను ముందుకు తోసినప్పుడు ఒక చప్పుడు. ఆకురాయి పైకెత్తి వెనక్కి లాక్కునేటప్పుడు, అది దేన్నీ తాకనప్పుడు, ఇంకో చప్పుడు. చిన్నప్పుడు నాన్న పనిబల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ అలాగే రాసేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, తాళం తప్పకుండా.

చెయ్యి ఆపాడు. రెండోది ఇంకొక్కసారి రాసి ఆగింది.

లేచి పక్కగది చూశాడు. ఎవరూ లేరు. కుళాయి కట్టేసే ఉంది. తిరిగొచ్చి కూర్చుని, "అన్నయ్యా," అన్నాడు మెల్లగా. అన్నందుకు తనకే సిగ్గేసింది. జవాబు రాలేదు గానీ, రాయడం మొదలుపెడితే తోడు వచ్చింది. తర్వాతి ఆదివారమూ అంతే. భార్యకు చెప్పలేదు.

మూడో ఆదివారం వదిన వచ్చింది. బల్ల మీది కేసును చూసి చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

"ఏం చేశావ్ దీన్ని?"

"గీరుకుంటోంది వదినా. కాస్త సరిచేద్దామని."

"బాగుచేయించుకోమని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో! ఉండనీ, మా తమ్ముడు చేసింది, అనేవారు."

"నీకు తెలుసా?" అన్నాడు అతను.

"ఆ రోజే తెలుసు."

"కోపంగా అనేవాడా?"

వదిన ఆలోచించింది. "నేను అడగలేదయ్యా. ముఖం చూస్తే తెలిసేది కాదు." మళ్ళీ తనే అంది, "నువ్వు వెళ్ళిపోయేటప్పుడు ఏమన్నారు? అదొక్కటీ నాకు చెప్పలేదు."

"దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. భోంచేసి వెళ్ళరా, అన్నాడు. నేను వెనక్కి చూడలేదు."

వదిన కుర్చీలో కూలబడింది. "అందుకా! రెండు కంచాలు పెట్టించారు నాచేత. సాయంత్రం దాకా తియ్యనివ్వలేదు."

ఇద్దరూ ఏడ్చారు. వదిన ముందుగా తేరుకుని, ముఖం తుడుచుకుని, మణికట్టు చాపింది. "ఇది నీకొద్దులే. నాకు సరిపోయేలా చెయ్యి."

దారంతో కొలత తీసుకున్నాడు. నాలుగు కొమ్ముల్నీ ఆమె మణికట్టు వంపుకి తగ్గట్టు కాస్త కిందికి వంచి, అంచులు రాయసాగాడు. గదిలో ఒక్క ఆకురాయి చప్పుడే వినిపించింది. రెండుసార్లు ఆపి చెవి ఒగ్గాడు.

"ఏమైంది?" అంది వదిన.

"ఏం లేదు."

యంత్రాన్ని లోపల బిగించి, పట్టీకి ఇంకో రంధ్రం పొడిచి ఇచ్చాడు. వదిన దాన్ని పెట్టుకుని మెట్లు దిగింది. ఆమె వీధి మలుపు తిరిగాక కూడా అతను చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు, ఇక రెండో చప్పుడు రాని ఆ పనిబల్ల వైపు తిరిగి చూడటానికి ధైర్యం చాలక.