‘మూడో తాళం’పై ఒక పాఠకురాలి అభిప్రాయం

"అక్కా, మీ సార్‌కు ప్రణవి అని ఎవరో రోజూ రాస్తది. చూసినవా?"

విజయ ఈ మాట అడిగేసరికి నళిని ఎవరిదో పట్టుచీరకు జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర ఆగలేదు గానీ గుడ్డ వంకరగా తెగింది. అబిడ్స్‌లోని ఆ మ్యాచింగ్ సెంటరు ఓనరుకు మిగతావేవీ కనబడవు, ఇలాంటివి మాత్రం గల్లా దగ్గర కూర్చునే కనిపెడతాడు. "ఇంటి రంది ఇంట్లనే పెట్టి రావాలమ్మా" అన్నాడు, కొనడానికొచ్చిన ఆడవాళ్ళందరి ముందూ. నళిని ఇంకో ముక్క కత్తిరించి ఇచ్చింది. చెవుల్లో మాత్రం ఓనరు మాట లేదు, ఆ పేరే ఉంది. ప్రణవి.

నళిని మొగుడు శ్రీపతి గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. అది పగటి సంగతి. రెండేళ్ళుగా అతను ఫోన్లో చదువుకునే కథల యాప్‌లో ‘మూడో తాళం’ అని ఒక నవలికల వరుస రాస్తున్నాడు. అందులో ధ్రువ అనే ధనవంతుడు ఆర్ద్ర అనే అమ్మాయిని ప్రేమ పేరుతో బంగళాలో పెట్టి తాళం వేస్తాడు. అతని మొదటి పెళ్ళాం ఎలా చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు. మూడో తాళం వేసిన గదిలో ఏముందో అంతకన్నా తెలియదు. ఆడవాళ్ళు ఎగబడి చదువుతున్నారు. షాపులో విజయ కూడా ఒక చేత్తో అన్నం కలుపుతూ రెండో చేత్తో అదే చదువుతుంది. "నీ నసీబు అక్కా. ఆడోళ్ళ మనసు గింత మంచిగ తెలిసిన మొగుడు ఎవరికి దొరుకుతడు చెప్పు?" అంటుంది.

నళిని ఒక్క భాగమూ చదవలేదు. మొదట్లోనే శ్రీపతి, "నీకు ఇలాంటివి ఎక్కవులే" అన్నాడు. ఆమెకు పెద్దగా బాధేమీ కలగలేదు, ఎందుకంటే ఆ కథలు రాయడం మొదలుపెట్టాకే ఆమెకు ఇంకోటి దొరికింది. సాయంత్రాలు దొరికాయి. అన్నేళ్ళ కాపురంలో వంటింటి గడప దాటి రాని మనిషి, టీ గ్లాసు పట్టుకుని వచ్చి గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. చేతిలోని ఫోన్ మిక్సీ పక్కన బోర్లా పెట్టేవాడు. "నీకు బాగా కోపం వస్తే ఏమంటావు నళినీ?" "ఎవరైనా నిన్ను పట్టించుకోకపోతే ఎలా ఉంటుంది?" అని అడిగేవాడు. ఫోన్ బోర్లా పెట్టి పెళ్ళాం మాట వినే మొగుడు నాంపల్లి మొత్తంలో ఎంతమందికి ఉంటాడు? ఈ గొప్ప ఆమె పైకి ఎవరికీ చెప్పుకోలేదు గానీ, లోపల పట్టుచీరలా దాచుకుంది. చపాతీలు వత్తుతూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ, చిన్నప్పటి సంగతుల నుంచి నిన్నటి సంగతుల దాకా అన్నీ చెప్పింది. పప్పు మాడిన రోజులూ ఉన్నాయి. మాడితే అత్తగారు నాగరత్నం తిట్టేది, అయినా నళినికి తిట్టు తగిలేది కాదు.

అలాంటి మనిషికి ఇప్పుడు ప్రణవి అని ఒకతి రోజూ రాస్తుందట.

షాపు మూశాక విజయ చేత యాప్ పెట్టించుకుంది. అది పేరు అడిగితే ‘పాఠకురాలు’ అని కొట్టింది. ఇంటికి పోయే దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీము కొట్టు ముందు కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చుంది. ఊరికే కూర్చోనివ్వరని సీతాఫలం ఐస్‌క్రీము చెప్పింది. పెళ్ళయ్యాక ఒంటరిగా కూర్చుని ఐస్‌క్రీము తినడం ఇదే మొదలు. తిన్నదీ లేదు.

అభిప్రాయాలు కుప్పలుగా ఉన్నాయి. "నాలుగో భాగం సాగదీశారు సార్, హంతకుడెవరో నాకు ముందే తెలిసిపోయింది" అని ఒకాయన. "ధ్రువ లాంటివాడు బయట ఎదురైతే పోలీసులకు పట్టిస్తా, కథలో అయితే పెళ్ళి చేసుకుంటా" అని ఒక పిల్ల. "తాళం వేసేది ప్రేమ ఎట్లయితదండీ?" అని ఒకావిడ అడిగితే, ఆవిడ మీద పదిమంది పడ్డారు. అందరి మధ్యలో ప్రణవి ఉంది. భుజాల దాకా కత్తిరించుకున్న జుట్టు, నల్ల కళ్ళజోడు, ఫోటోలోనే ఏదో తెలిసినట్టు నవ్వు. ఎంత చక్కగా రాస్తుంది! ఒక్కో అభిప్రాయం ఒక్కో ఉత్తరమంత. దాని కింద శ్రీపతి జవాబు: "మీలాంటి పాఠకురాలు దొరకడం నా పుణ్యం ప్రణవిగారూ. మీరు చదువుతారని గుర్తొస్తే కలం దానంతటదే కదులుతుంది."

నళినికి ఈర్ష్య పుట్టింది. దాన్ని ఇంకోలా చెప్పడానికి లేదు. తను చేసిన పదేళ్ళ వంటకు ‘బాగుంది’ అన్న మాట కూడా నోట రాని మనిషి, ముఖం చూడని ఆడదానికి పుణ్యమంటాడా? ఆ కళ్ళజోడు లాగి రోడ్డు మీద పారేయాలనిపించింది. ఇంకా ఏమేం రాసిందో చూద్దామని కిందికి జరిపింది.

"ఐదో భాగంలో ఆర్ద్ర అన్న ఆ ఒక్క మాట కోసం సిరీస్ మొత్తం చదవచ్చు," అని రాసింది ప్రణవి. ఆ మాట కూడా కింద ఎత్తి రాసింది: "నువ్వు తాళమేసుకొని పోయినవని గాదు, లోపల మనిషున్నదని యాది మరిచినవని ఏడ్చిన."

నళిని ఆ మాట మళ్ళీ చదివింది.

ఆ మాట ఆమెది. పెళ్ళైన కొత్తల్లో ఒకరోజు ఆమె జ్వరంతో లోపల పడుకుని ఉంటే, అత్తగారు ఊళ్ళో లేనిరోజు, శ్రీపతి అలవాటుగా బయట తాళం వేసుకుని ఆఫీసుకు పోయాడు. సాయంత్రం దాకా మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు. వచ్చాక నవ్వేశాడు. ఆ సంగతి ఇన్నేళ్ళ తర్వాత, మొన్న చలికాలంలో, చపాతీలు వత్తుతూ చెప్పింది. చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అతను, "ఊఁ, తర్వాత?" అన్నాడు. వింటున్నాడనుకుంది.

ఐదో భాగం తెరిచి చూసింది. కథలో ఆ మాట వినగానే ధ్రువ ఆర్ద్ర పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఆమె కళ్ళు తుడిచాడు. నాలుగు పేజీల పాటు ముద్దులు పెట్టాడు.

అక్కడే కూర్చుని వెనక్కి వెనక్కి చదివింది. ఆర్ద్ర అలిగితే నళిని అలిగినట్టే అలుగుతుంది. నవ్వితే, తిడితే, జడ ముందుకు వేసుకుని ఆలోచిస్తే, అంతా నళినే. మాట యాస కూడా నళినిదే. ఏ మాటకైతే పెళ్ళైన కొత్తల్లో అత్తగారు, "గిట్లా గట్లా ఏమిటమ్మా, నలుగురిలో నోరు విప్పకు" అందో, ఏ మాటకైతే శ్రీపతి స్నేహితుల ముందు, "మా ఆవిడ తెలుగుకి పక్కన ఒకళ్ళు అర్థం చెప్పాలి" అని నవ్వాడో, ఆ మాటకే ఇక్కడ "ఎంత తియ్యగా ఉందో" అని వందల మంది మురిసిపోతున్నారు. నాగరత్నం కూడా కొడుకు చదివి వినిపిస్తుంటే, "ఆ పిల్ల మాట ముద్దొస్తుందిరా" అనడం నళిని ఒకసారి విన్నది. మిక్సీ హోరులో ఏ పిల్లో తెలియలేదు.

ప్రణవి మీద కోపం ఎటు పోయిందో పోయింది. ఇప్పుడు ఈర్ష్యంతా ఆర్ద్ర మీద. నా మాటలు నా నోట్లోంచి తీసుకుపోయి, నాకు దక్కనివన్నీ దక్కించుకుందే! నేను చెబితే ‘ఊఁ’, అది చెబితే కాళ్ళు పట్టుకోవడం! తన మీద తనకే ఇంత కుళ్ళు పుట్టగలదని నళిని ఎన్నడూ అనుకోలేదు. ఐస్‌క్రీము కప్పులో పాలైపోయింది. అలాగే వదిలేసి లేచింది.

ఆ సాయంత్రం కూడా అతను టీ గ్లాసుతో వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఫోన్ మిక్సీ పక్కన బోర్లా పెట్టాడు.

"నళినీ, ఒకటి అడుగుతాను చెప్పు. నిన్నొకడు చాలాకాలం తాళం వేసి ఉంచాడనుకో. చివరికి తాళంచెవి వాడే నీ చేతికిచ్చాడు. నువ్వయితే అప్పుడు ఏమంటావు?"

చివరి భాగమన్నమాట. నళిని చెయ్యి తుడుచుకుని ఫోన్ తిప్పింది. ఎర్ర చుక్క వెలుగుతోంది, పక్కన అంకెలు పరుగెడుతున్నాయి. రికార్డవుతోంది.

శ్రీపతి గభాల్న లేచాడు. "అదీ... తర్వాత గుర్తుండదని. అయినా నీ మాటలే కదా, పరాయివాళ్ళవి కాదుగా."

"నా మాటలే," అంది నళిని. "ఇన్ని దినాలు నాకోసం ఇంటున్నరనుకున్న."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం? అంతమందికి నచ్చుతున్నందుకు సంతోషించాలి. చెప్పు, ఏమంటావు?"

ఆమె ఎర్ర చుక్క నొక్కి ఆపింది. ఫోన్ అతని చేతిలో పెట్టింది. "చాయ్ చల్లారుతది, తాగున్రి," అంది.

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ జరగలేదు. అన్నం టైముకు వండింది. ఉప్పు సరిపోయిందా, గ్యాస్ బుక్ చేసిన్రా, అత్తమ్మ మాత్రలు తెచ్చిన్రా, ఇవే మాటలు. అతను గడప మీద కూర్చుని ఏదడిగినా, "నాకు తెల్వది" అనేది. కొన్నాళ్ళు బతిమాలాడు, కొన్నాళ్ళు విసుక్కున్నాడు. "దీనికి పొగరెక్కిందిరా" అంది నాగరత్నం.  మాట్లాడకపోవడం ఇంత హాయిగా ఉంటుందని నళినికి ఇదివరకు తెలియదు, ఎందుకంటే ఇదివరకు మానుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు మానిపిస్తే మానుకుంది.

చివరి భాగం వచ్చింది. షాపులో భోజనాల వేళ విజయ మొహం చిట్లించుకుని ఉంది. "ఏందక్కా గిది, మీ సార్‌కు ఏమైంది? ఆర్ద్ర అచ్చం పుస్తకం లెక్క మాట్లాడుతున్నది" అంటూ ఫోన్ చూపించింది. తాళంచెవి చేతికి రాగానే ఆర్ద్ర, "ప్రియతమా, నా హృదయమే నీకు చెరసాల" అన్నదట. కింద అభిప్రాయాలు నిప్పులు చెరుగుతున్నాయి. హంతకుణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఒకటే అడుగుతున్నారు. అందరికన్నా పైన ప్రణవి ఉంది: "ఈ భాగంలో ఉన్నది ఆర్ద్ర కాదు. మా ఆర్ద్రను ఏం చేశారు శ్రీపతిగారూ? చంపేశారా?"

దాని కింద ఈసారి రచయిత జవాబు లేదు.

నళిని డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, తన ఫోన్ తీసింది. ‘పాఠకురాలు’ అన్నది చెరిపి ‘నళిని’ అని కొట్టింది. అక్షరాలు వెతుక్కుంటూ ఉంటే ఓనరు గల్లా దగ్గర నుంచి పిలిచాడు. "వస్తున్న, ఆగున్రి" అని, తను అనుకున్నది పూర్తిగా రాశాకే లేచింది.

"ఫికర్ చేయకున్రి ప్రణవిగారూ. ఆర్ద్ర మంచిగున్నది. నా దగ్గరికొచ్చేసింది."