తెరచాప దాచిన కేక

బిజెర్తా పట్నం పాత రేవులో నాజిహా తెరచాపలు కుట్టే గది రొట్టెల కొట్టు మీద ఉంది. పొద్దున్నే ఆమె మెట్లెక్కుతూ కొట్టు గుమ్మంలో ఆగి, ఈ రోజు ఏ గాలో చెప్పి పోతుంది. పడమటి గాలి అంటే కొట్టాయన పిండి డబ్బాలకు మూతలు పెట్టుకుంటాడు. ఎడారి వేడిగాలి అంటే వీధిలో ఆడవాళ్లకు కబురు పంపుతాడు. దారానికి గుచ్చిన ఎర్ర మిరపకాయలు పట్టుకుని వాళ్లు పైకి వస్తారు, ఒక్క పూటలో ఆరిపోతాయని. ఆ గది నేల మీద పాత తెరచాప పరిస్తే, అది ఏ గాలిలో బతికిందో ఆ గాలితో లేచి నిలబడుతుంది. ఆ రేవులో అది కొత్త సంగతేమీ కాదు.

సెప్టెంబరు చివర్లో ఒక రోజు అరూసీ తన పడవ ముందు భాగపు తెరచాపను భుజాన వేసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లు రేవులో ఓడలను లాగే టగ్గు బోటు నడిపిన మనిషి. పింఛను వచ్చాక పదకొండు మీటర్ల తెరచాప పడవ కొన్నాడు. అతనూ భార్య జలీలా అందులో తీరం వెంట తిరిగేవాళ్లు. ఈ వేసవంతా తిరగలేదు.

మే నెలలో తబర్కా రేవు దగ్గర జరిగింది ఇదీ. చుక్కాని దగ్గర అరూసీ, పడవ ముక్కు దగ్గర జలీలా, ఇద్దరి మధ్య డెక్కును తుడుచుకుంటూ ఆ పెద్ద తెరచాప. దాని వెనక చేపల పడవ ఒకటి ఉంది. అరూసీ నేరుగా దాని మీదికే పోయాడు. ఆ పడవ తెడ్డు విరిగింది. మనుషులకేం కాలేదు.

టగ్గు మీద పద్ధతేమిటంటే, ముందున్నవాడు ప్రమాదం ఉంటేనే కేకేస్తాడు. కేక లేదంటే దారి ఖాళీ. "నువ్వు పిలవలేదు" అన్నాడు అరూసీ. పిలిచానంది జలీలా. అతను ఊరుకోకుండా కాఫీ కొట్లో కూర్చుని, మా ఆవిడ కునుకు తీసింది అని నలుగురి ముందూ చెప్పాడు. జలీలా కెర్కెన్నా దీవి బెస్తవాళ్ల ఆడపడుచు. ఆ మాట చెవిన పడ్డాక పడవలోంచి తన సంచీ తెచ్చేసుకుంది. అక్టోబరులో ఆక్టోపస్ వేట మొదలయ్యేనాటికి పుట్టింటికి పడవ మీదే వెళదామనుకున్నారు. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నా, పడవ మాటెత్తితే ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది.

"ఇలాంటిదే ఇంకొంచెం పెద్దది కావాలి, అమ్మాయ్. కింది అంచు డెక్కుకు తగలాలి" అని అరూసీ కొలతల కాగితం ఇచ్చాడు.

కింద తగిలేలా కోస్తే గుడ్డ ఎక్కువ, వేగమూ ఎక్కువేనని నాజిహా ఒప్పుకుంది. కాకపోతే ముందేముందో కనిపించదు, అలలు అంచుకు కొడతాయి. పైకి కోస్తే కాస్త వేగం తగ్గుతుంది, కింద నుంచి సముద్రం కనిపిస్తుంది. మీరు పందేలకు పోతున్నారా, బతకడానికి పోతున్నారా అని అడిగింది. పందేలకు కాదని అరూసీ తల అడ్డంగా ఊపాడు. అయినా తగిలేలానే కోయమన్నాడు.

"సరే బాబాయ్. కోసేముందు పాతది పరవడం నా అలవాటు."

అప్పుడు చూశాడతను. గోడవార పెట్టె మీద జలీలా మిరపకాయలు గుచ్చుతోంది. నాజిహా ఆ రోజు పొద్దున కింద కొట్లో వేడిగాలి అని ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియాలి.

తెరచాప పడమటి గాలితో దూలాల దాకా లేచింది. మిరప దండలు ఊగాయి. మొదట సముద్రపు పక్షుల అరుపులు. తర్వాత ఎవరిదో పడవలో రేడియో. ఇన్నాళ్లూ ఆ తెరచాప తన వెనక ఆపేసిన చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే ఇవతలికి వచ్చాయి. ఆ వెనక జలీలా గొంతు.

"అరూసీ, ఎడమకు తిప్పు."

"అరూసీ, పడవ ఉంది, తిప్పు."

"తిప్పరా చెవిటి గాడిదా."

నాజిహా దారం కొరుకుతూ కిటికీ వైపు చూసింది. జలీలా తల ఎత్తలేదు. గాలి తగ్గి గుడ్డ నేలకు వాలేదాకా అరూసీ నిలబడే ఉన్నాడు. తర్వాత ఆ గుడ్డ పక్కనే కూలబడ్డాడు.

"మూడుసార్లు" అన్నాడు.

"నాలుగు" అంది జలీలా. "మొదటిసారి మర్యాదగా పిలిచాను. అది గుడ్డకు అంటలేదు."

నాజిహా టేపు తీసి, కొత్త తెరచాప కింద నుంచి దారి చూసేదెవరని అడిగింది.

"ఇద్దరం" అన్నాడు అరూసీ. "ఇక చుక్కాని దగ్గరే, ముక్కు దగ్గర ఎవరూ కూర్చోరు." జలీలా వైపు చూసి, "తను వస్తే" అన్నాడు.

జలీలా మిరపకాయలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. నాజిహా నేల నుంచి ఆమె కంటిదాకా కొలిచింది. అరూసీ కాగితం మీద లేని కొలత అదొక్కటే.

ఆ సాయంత్రం అరూసీ అదే కాఫీ కొట్లో, అదే బల్ల దగ్గర, అదే నలుగురికీ, కునుకు తీసింది ఆవిడ కాదు, నా చెవులని చెప్పాడు. వాళ్లు వారం రోజులు నవ్వుకున్నారు. నవ్వనిచ్చాడు.

అక్టోబరు రెండో వారంలో కెర్కెన్నా లోతు తక్కువ నీళ్లలోకి వచ్చారు. కొత్త తెరచాప కింద జానెడు సముద్రం మెరుస్తోంది. ఆ సందులోంచి జలీలా తన అన్న నీళ్లలో పాతిన, చేపలు పట్టే ఈతమట్టల కంచెను చూపించింది. అరూసీ మెల్లగా తప్పించాడు. పాత తెరచాపే ఉంటే బావగారి ఏడాది బతుకుతెరువును చీల్చుకుంటూ పోయేవాడు.

కంచె దాటాక జలీలా అంది: "దారి ఖాళీ."

దారి ఖాళీగా ఉందని చెప్పడం టగ్గు మీద ఎవరికీ అలవాటు లేదు. "విన్నాను" అన్నాడు అరూసీ. కాసేపాగి ఆమె మళ్లీ అంది. అతను మళ్లీ అన్నాడు. ఒడ్డు వచ్చేదాకా ఒక్కదానికీ జవాబు మానలేదు.