వదిన మోకాలు, అన్నయ్య రంపం

మా వదిన మోకాలు మార్పించుకుని ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మా అన్నయ్య ఇంటిని పైకి లేపేశాడు. అబద్ధమైతే అడగండి. ఆయన వడ్రంగి. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఊరికే కూర్చోలేక కుర్చీలకీ, మంచానికీ, భోజనాల బల్లకీ, చివరికి గుమ్మం పక్కన చెప్పులేసుకునే పీటకీ కూడా కింద చెక్క దిమ్మలు బిగించాడు. ఆవిడ ఎక్కడ కూర్చున్నా మోకాలు వంగాల్సిన పని పడకూడదట.

వదిన సంగతి సరే, నా గతేమిటో ఒక్కరైనా ఆలోచించారా? మా ఆయన పోయినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటున్న ఆడపడుచుని నేను. అసలే పొట్టిదాన్ని, ఇంట్లో నా పేరే పొట్టి. ఇప్పుడు కుర్చీ ఎక్కాలంటే ఎగరాలి, దిగాలంటే దూకాలి. అన్నం తింటున్నంతసేపూ నా కాళ్లు గాల్లో ఊగుతుండేవి. అన్నయ్య అది చూసి, "బాగుందే, చిన్నపిల్లలా ఉన్నావు" అని మెచ్చుకున్నాడు కూడా.

వదిన బట్టలు కుడుతుంది. ముందు గదే ఆవిడ దుకాణం. పెళ్లికి ముందు నుంచీ తొక్కుతున్న పాత మిషను, గోడకి కత్తెరలు, మూలన గుడ్డముక్కల బుట్ట. ఆ మిషను తొక్కీ తొక్కీ మోకాలు అరిగిందని వీధంతా అంటారు. ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "మీ అన్నయ్య మాటలు వినీ వినీ అరిగింది" అంటుంది.

ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పి పంపారు. కుర్చీలో కూర్చుని మడమని నేల మీద వెనక్కి జరుపుతూ పోవాలి. ఎంత వెనక్కి జరిగితే మోకాలు అంత వంగుతుంది. చెప్పడానికేం, నొప్పికి మనిషి కళ్లు తిరుగుతాయి. వదిన కాలు జరపగానే అన్నయ్య లేచి పెరట్లో ఉన్న తన షెడ్డుకి పోయేవాడు. వెంటనే చెక్కని నున్నగా చెక్కే చిత్రిక మిషను గుర్రుమనేది. చెయ్యాల్సిన పనేమీ ఉండదు, ఈవిడ మూలుగు చెవిన పడకుండా ఉండటానికే ఆ మోత. ఆ మోత వినగానే వదిన కాలు ముందుకి లాగేసుకుని, "ఇవాళ్టికి చాలు పొట్టీ. పాపం, అక్కడ చెక్కంతా పొట్టు చేసేస్తున్నారు" అనేది.

దీనికి తోడు ఓ రోజు పొద్దున్నే ముందు గదిలోకి వెళ్లేసరికి కుట్టు మిషనుకి మోటారు బిగించి ఉంది. కాలితో పని లేదు, వేలితో నొక్కితే చాలు. అన్నయ్య పక్కనే నిలబడి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు.

వదిన మోటారుని ఎగాదిగా చూసింది. "నా కాలికి పని మాన్పించేశారా?" అంది.

"నీకు కష్టమవుతుందనీ..."

"నేను అడిగానా?"

ఆ రోజంతా ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా నా ద్వారానే కబురు. ఉప్పు డబ్బా అన్నయ్య ముందే ఉంది, నేను మాత్రం కుర్చీ దిగి, అందించి, మళ్లీ కుర్చీ ఎక్కాలి.

ఇంతలో ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పిన ఫిజియో అమ్మాయి ఇంటికొచ్చింది. వారానికోసారి వస్తానని చెప్పిన పిల్ల, జ్వరం వచ్చి కొన్ని వారాలు రాలేకపోయింది. గుమ్మంలో నిలబడి కుర్చీలూ, మంచం, నా వేలాడే కాళ్లూ అన్నీ చూసింది.

"ఏంటి అంకుల్, ఇంట్లోకి వరద వస్తుందని ఎవరైనా చెప్పారా?" అంది.

అన్నయ్య గర్వంగా దిమ్మల సంగతి వివరించాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ వదిన కాలు పట్టుకుని, కోణం కొలిచే ప్లాస్టిక్ బద్ద మోకాలికి ఆనించింది. ఆ పైన నవ్వలేదు.

"ఆంటీ, ఈపాటికి చాలా వంగాలి. లోపల కండ బిగుసుకుపోతోంది. పెద్ద డాక్టరుగారు మళ్లీ చూసేలోగా కనీసం లంబకోణమైనా రాకపోతే, ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి మత్తిచ్చి వంచాల్సి రావచ్చు. ముందు ఈ దిమ్మలు తీయించండి. ఇన్నాళ్లూ మోకాలికి వంగే పనే లేకుండా పోయింది."

లంబకోణం అంటే ఏమిటో అన్నయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున లేస్తే ఆయన చేతిలో ఉండేది మూలమట్టమే. ఆయన మొహం మాడిపోయింది.

ఆ పిల్ల వెళ్లాక వదిన నా చెయ్యి పట్టుకుంది. "నొప్పంటే భయం లేదు పొట్టీ. ఆ మత్తంటేనే భయం. కిందటిసారి కళ్లు మూతలు పడుతుంటే, మళ్లీ తెరుస్తానో లేదోననిపించింది. అప్పుడు మిషను గుర్తు రాలేదు, కుట్టాల్సిన బట్టలు గుర్తు రాలేదు. టీ కూడా పెట్టుకోవడం రాని ఈయన గుర్తొచ్చారు. ఇంకోసారి ఆ బల్ల ఎక్కలేను."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా షెడ్డుకి వెళ్లి చిత్రిక మిషను స్విచ్ కట్టేశాను.

"ఇలా చెవులు మూసుకుని కూర్చో అన్నయ్యా. నీ ప్రేమే ఆవిడని మళ్లీ స్ట్రెచరెక్కిస్తుంది. నువ్వు బాధపడతావని ఆవిడ వంచడం మానేస్తోంది. ఆవిడ బాధపడుతుందని నువ్వు ఇల్లెత్తుతున్నావు. మధ్యలో నేను కోతిలా కుర్చీలెక్కుతున్నాను."

అన్నయ్య మిషను మీది చెక్కపొట్టు చేత్తో ఊడ్చాడు. "అది మూలిగితే నా చేతులు పనిచెయ్యవే" అన్నాడు.

అంత మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. తిట్టడానికి ఇంకా చాలా ఉంది గానీ, అవన్నీ దాచుకుని ఇంట్లోకి వచ్చేశాను.

మర్నాటికల్లా మంచం, బల్ల, నా కుర్చీ నేలకి దిగాయి. వదిన కుర్చీ మాత్రం అలాగే ఉంది. ఒక్కసారిగా దించేస్తే తట్టుకోలేదని అన్నయ్య భయం. అందుకని ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడల్లా కుర్చీ బోర్లా తిప్పి, రంపంతో దిమ్మల్ని కొంచెం కొంచెం కోసి, మళ్లీ నిలబెట్టేవాడు. పొట్టు ఊడ్చి పారెయ్యడం నా పని. ఆవిడకి తెలియకూడదని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఈ వయసులో దొంగతనానికి కాపలా ఉండే రాత నాది.

మొదటి కోతకే వదిన పట్టేసింది. మనిషి గుమ్మంలో నిలబడితే ఏ భుజం ఎంత వాలిందో చూపుతోనే చెప్పే దర్జీ ఆవిడ, తను కూర్చునే కుర్చీ సంగతి తెలియదా? కూర్చుంది, ఒక్క క్షణం ఆగింది, నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

"నాకు తెలియదనుకుంటున్నారా ఆయన?" అంది మెల్లగా.

"నాకేం తెలుసు?"

"నీకన్నీ తెలుసు. పోనీలే. ఆయనకి తెలియనియ్యకు, ఆపేస్తారు."

అలా ఇద్దరి రహస్యమూ నా కడుపులోకి చేరింది. కుర్చీ రోజురోజుకీ దిగుతోంది, ఆవిడ పళ్ల బిగువున మడమ వెనక్కి జరుపుతోంది, ఆయన షెడ్డులో మోత పెడుతున్నాడు. ఓ రోజు కుర్చీ టకటకమని ఊగింది. ఇన్నేళ్ల పనిలో ఆయన చేతిలో ఒక్క పీట ఊగిన పాపాన పోలేదు. వదిన బుట్టలోంచి ఓ గుడ్డముక్క తీసి మడతపెట్టి నాకిచ్చింది. నేను వంగి, పొట్టిగా తెగిన కుర్చీ కాలి కింద పెట్టాను. సాయంత్రం అన్నయ్య ఆ గుడ్డ చూశాడో లేదో నాకు తెలియదు. రాత్రి అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ముందురోజు ఫిజియో అమ్మాయి మళ్లీ వచ్చింది. అప్పటికి దిమ్మలు పూర్తిగా పోయి కుర్చీ మామూలు కుర్చీ అయింది. బద్ద పెట్టి చూసి, "చాలా వరకూ వచ్చేసింది ఆంటీ. ఇంకొక్క పిసరు వంగాలి. ఇక మీ అంతట మీకు రాదు, ఎవరైనా చేత్తో నొక్కి పట్టాలి. రోజూ పట్టాలి కాబట్టి ఇంట్లోవాళ్లే నేర్చుకోవాలి. రండి అంకుల్" అంది.

అన్నయ్య అప్పటికే పెరటి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. నా ఎత్తుకి అదేం పెద్ద అడ్డు కాదు గానీ, ఆగాడు.

"పొట్టి పడుతుందిలే" అన్నాడు.

"నా చేతుల్లో అంత బలం లేదు" అన్నాను.

వదిన పిలిచింది. "ఇలా రండి."

వచ్చి ఆవిడ ముందు కింద కూర్చున్నాడు. ఆ పిల్ల ఆయన చేతులు తీసి, ఒకటి మోకాలి మీదా ఒకటి చీలమండ దగ్గరా పెట్టింది. "మెల్లగా వెనక్కి నెట్టండి. ఆంటీ చాలు అంటే అక్కడే ఆపండి. అనేదాకా వదలకండి."

అన్నయ్య తలెత్తి వదిన మొహం చూశాడు. అంతే, పట్టు వదులు చేశాడు.

"నా మొహం చూడకండి. మోకాలు చూడండి. మీ పని మీరు చెయ్యండి" అంది వదిన.

ఆయన తల దించి నెట్టాడు. వదిన కుర్చీ చేతులు పట్టుకుంది. మూలిగింది. ఆయన ఆగబోయాడు. ఆవిడ చాలు అనలేదు. మళ్లీ నెట్టాడు. అప్పుడు గట్టిగా అరిచింది. ఆపరేషనయిన రోజు నుంచీ ఈయన కోసం గొంతులోనే నొక్కిపెట్టుకున్నదంతా ఆ అరుపులో బయటికొచ్చింది. అది వినబడకుండా చెయ్యడానికి ఈసారి ఏ మోతా లేదు. అన్నయ్య కళ్లలోంచి నీళ్లు కారి ఆవిడ పాదం మీద పడుతున్నాయి. ఆయన వదల్లేదు.

"చాలు" అంది వదిన.

ఫిజియో అమ్మాయి వంగి బద్ద పెట్టి, రెండుసార్లు చూసుకుంది. "వచ్చేసింది ఆంటీ, లంబకోణం దాటింది. డాక్టరుగారు మళ్లీ మత్తు మాట ఎత్తరు. ఇక రోజూ ఇలాగే" అని సంచీ సర్దుకుంది.

నేను పైటచెంగుతో మొహం తుడుచుకుని చూస్తే, అన్నయ్య ఇంకా అలాగే కింద కూర్చుని, రెండు చేతులతోనూ ఆ కాలు పట్టుకుని ఉన్నాడు.

"చాలందిగా అన్నయ్యా, వదిలెయ్యి" అన్నాను.

"నువ్వూరుకో పొట్టీ," అంది వదిన, ఆయన తల మీద చెయ్యి వేసి. "ఇన్నాళ్లకి పట్టుకున్నారు."