ఏడంటే ఎవరి ఏడు

మా ఊళ్ళో రెండు టైములు ఉన్నాయి. ఒకటి సర్కారు టైము, రెండోది పాత టైము. కొన్నేళ్ళ కిందట సర్కారు దేశమంతటా గడియారాన్ని ఒక గంట ముందుకు తోసింది. కొండ మీద ఉన్న మేం తోయలేదు. మేకలకి ఎవరూ చెప్పలేదు కాబట్టి అవీ తోయలేదు. రంజాను నెలలో మాత్రం సర్కారు ఆ గంటను వెనక్కి ఇస్తుంది. ఆ నెలంతా రెండు టైములూ ఒకటే. పండగ వెళ్ళిన ఆదివారం మళ్ళీ లాక్కుంటుంది.

కొత్త టైమును నేను ఒప్పుకోను. నా భార్య తూదాకి ఒంట్లో బాగాలేనప్పుడు పట్నం ఆసుపత్రివాళ్ళు తొమ్మిదికి రమ్మన్నారు. మా తొమ్మిదికి వెళ్ళాం. మీ వరుస అయిపోయిందన్నారు. మరో నెలకి రాసిచ్చారు. తూదాకి ఆ నెల లేదు. దీని మీద నాతో ఎవరూ వాదించరు.

గిజ్లాన్ మా ఊరికి వచ్చింది రంజాను మొదట్లో. మెక్నెస్ నగరం పిల్ల, ఇంజనీరు. తనంతట తాను నడిపిస్తున్న మొదటి పని ఇదే: మా ఏటి మీద మనుషులూ మందలూ దాటడానికి వంతెన. రేకుల గది గోడకి పెద్ద కాగితం అంటించింది. దాని నిండా రంగురంగుల పట్టీలు. ఒక్కో పట్టీ ఒక్కో పని. పైది అయితేగాని కిందిది మొదలుకాదు. పైది ఆలస్యమైతే కిందివన్నీ వెనక్కి జరుగుతాయి.

మనుషుల్ని పిలవడం నా వంతు. ఊరి పనికి ఇంటికొకరు రావడాన్ని మేం తివీజీ అంటాం. పిలిచేవాణ్ణి నేనే. పిలిస్తే రానివాడి పేరు నేను చచ్చేదాకా మరిచిపోను. అందుకే అందరూ వస్తారు.

నెలంతా పని పట్టీల ప్రకారం నడిచింది. ఏడంటే ఏడుకే వచ్చాం. ఉపవాసాలుండి కూడా ఇంత వేళకి వచ్చే మనుషుల్ని పట్నంలో చూడలేదని గిజ్లాన్ అంది. నేను పొగడ్తకి లొంగే మనిషిని కాను. ఆ రోజు ఉపవాసం విడిచాక టీ మాత్రం ఇంకో గ్లాసు తాగాను.

చివరికి స్లాబు మిగిలింది. సెంట్రింగు గుంజలు ఏట్లోనే నిలబడి ఉన్నాయి. కొండమీద మంచు కరిగితే వచ్చే నీళ్ళు వాటిని లాక్కుపోతాయి. ఆలోగా స్లాబు పోసి గట్టిపడనివ్వాలి. కాంక్రీటు బండి కింద పట్నం నుంచి రావాలి. మాకు దొరికిన వంతు పండగ తర్వాత వచ్చే సోమవారం ఒక్కటే. అది తప్పితే మళ్ళీ వంతు వచ్చేసరికి ఏట్లో గుంజలుండవు, ఆ పిల్ల చేతిలో ఉద్యోగమూ ఉండదు. సోమవారం ఏడుకి అంది. ఏడుకే అన్నాను. ఇద్దరం ఒకే మాట అనుకున్నామనుకున్నాం.

నా ఇల్లు ఏటి ఒడ్డునే. సోమవారం టీ నీళ్ళు మరగకముందే బండి రొద వినిపించింది. దిగి వెళ్ళాను. బండి వెనక తొట్టి గిరగిరా తిరుగుతోంది. గిజ్లాన్ ఊరి దారి వైపు చూస్తోంది. దారిలో కుక్క కూడా లేదు.

"మనుషులేరి, హద్దూ మామా?"

"ఏడుకి వస్తారు."

"ఏడయింది కదా."

"ఆరు."

ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. నా చేతి గడియారం నేను చూపించాను. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి. నెలపాటు మాతో పనిచేసినా మాకు ఇంకో టైము ఉందని తెలియనే తెలియదు. తెలియాల్సిన అవసరం ఆ నెల రాలేదు.

"ఒక్కరైనా నాకు చెప్పలేదే, మామా."

"నువ్వడిగావా? ఏడంటే ఎవరి ఏడు అని అడగాలి."

"ఏడుకి కూడా ఇంటిపేరు ఉంటుందని నాకేం తెలుసు?"

డ్రైవరు బూఅజ్జా తల బయటికి పెట్టాడు. గంటసేపు ఆగితే తొట్టిలో ఉన్నది రాయవుతుందన్నాడు. బండి పాడు చేసుకోలేనని, దారి పక్కన కుమ్మరించి పోతానని చెప్పి, పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

ఒడ్డెక్కి ఊరి వైపు కేకలు పెట్టాను. పండగ తిండి ఇంకా అరగని ఊరు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నా మాటంటే మావాళ్ళకి అంత గురి. ఏడన్నాను కాబట్టి ఏడుకే లేస్తారు.

తిరిగి వచ్చి, తప్పు సర్కారుదని గిజ్లాన్‌కి చెప్పాను. సర్కారు సంగతి తర్వాత చూద్దామంది. హెల్మెట్ తలకు పెట్టుకుని, తోపుడు బండి ఒకటి తానే నెట్టుకొచ్చి తొట్టి కింద నిలబెట్టింది. ఒక్క పిల్ల, ఒక్క బండి. వంతెన పొడుగు చూస్తే నాకే జాలేసింది.

అప్పుడు వచ్చింది ఇత్తో. తూదా చెల్లెలు. వెనకాల గడ్డి కోతకి పోయే ఆడవాళ్ళ గుంపు, చేతుల్లో కొడవళ్ళు. వాళ్ళకి సర్కారు టైమూ లేదు, పాత టైమూ లేదు. ఆవు అరిస్తే లేస్తారు. ఏమైందని ఇత్తో అడిగింది. మేమిద్దరం ఒకేసారి చెప్పాం. అంతా విని కొడవలి కింద పెట్టింది.

"టైమెంతో నువ్వు తీరిగ్గా తేల్చుకో, బావా. ఇది ఎక్కడ పోయాలో ఆ అమ్మాయి చూపిస్తుంది."

ఇది ఆడవాళ్ళు చేసే పని కాదన్నాను.

"మా అక్కే ఉంటే ఈపాటికి నీ చేతిలో తట్ట పెట్టేది," అంది. "పట్టుకో."

పట్టుకున్నాను.

ఒడ్డు నుంచి వంతెన చివరిదాకా వరస కట్టాం. తట్టలు చేతులు మారుతూ పోయాయి. గిజ్లాన్ కాంక్రీటును కుదించే వైబ్రేటర్ పట్టుకుని ఇనుప చువ్వల మధ్య నడుస్తూ, ఇక్కడ, అక్కడ అని అరిచింది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పాటలో నా పేరు వచ్చింది. మంచిగా రాలేదు. గింజలు కొరుకుతున్న బూఅజ్జాని ఇత్తో ఊరికే ఒకసారి చూసింది. వాడూ దిగి వరసలో నిలబడ్డాడు.

మా మగవాళ్ళు ఏడుకి సరిగ్గా వచ్చారు. పాత ఏడుకి, మొహాలు కడుక్కుని. సగం స్లాబు అయిపోయి ఉంది. వాళ్ళలో కొందరికి ఇత్తో తట్టలిచ్చింది. మిగతావాళ్ళని టీ కాయమంది. కాసి తెచ్చారు. పంచదార చాల్లేదని వెనక్కి పంపింది.

స్లాబు గట్టిపడ్డాకే నీళ్ళు వచ్చాయి. బురదగా, కొమ్మలూ రాళ్ళూ దొర్లించుకుంటూ వచ్చి మధ్య గుంజల్ని ఊడబెరికి పట్టుకుపోయాయి. స్లాబు కదల్లేదు. గిజ్లాన్ దాని నడిమధ్యకి వెళ్ళి ఎగిరి గెంతింది. దిగమని తిట్టాను. ఇంకోసారి గెంతింది.

కొండ మీద అప్పటిదాకా మూసి ఉంచిన మేత బీళ్ళు తెరిచిన రోజు మందలు వంతెన దాటాయి. ముందు ఇత్తో మేకలు, తర్వాత ఇత్తో, ఆ తర్వాత నేను.

గిజ్లాన్‌కి పక్క లోయలో ఇంకో వంతెన ఇచ్చారు. అక్కడ మనుషుల్ని పిలవడానికి రమ్మంది. నన్ను కాదు, ఇత్తోని. తట్టలు మోయడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకుంటానని ఇత్తో ఒప్పుకుంది. ఆ మనిషి నేనేనని నాకు మర్నాడు చెప్పింది.